సాల్మన్ నది లోయలో స్థిరపడినవారు నిజంగా ఏకాంతవాసులేనా?

అమెరికాలోని ఇడాహో రాష్ట్రంలో ప్రవహించే సాల్మన్ నది లోయలో పూర్వం ఎవరెవరు స్థిరపడ్డారు, వారు లోకంతో సంబంధం తెంచుకుని ఒంటరిగా బతికారని చెప్పే కథల్లో నిజమెంత, వారి ఇళ్లను ఇప్పుడు చూడవచ్చా అని మీరు అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఇదే రాష్ట్రంలోని బోయిసీలో ఉంటున్నాను; కార్న్ క్రీక్ రేవులో రాఫ్ట్ ఎక్కి ఆ నది మీద దిగువకు ప్రయాణించాను, దారిలో ఆ ఇళ్లలో కొన్నింటిని లోపలికి వెళ్లి చూశాను. నాకు అర్థమైనంతలో వారు విలక్షణమైన మనుషులన్నది నిజమే గాని, ఏకాంతవాసులన్నది చాలావరకు కట్టుకథ. ఇరుగుపొరుగు సాయం లేకుండా ఆ లోయలో బతుకు సాగేది కాదు.

ఈ నది పొడవు సుమారు 684 కిలోమీటర్లు. 1805 ఆగస్టులో లూయిస్, క్లార్క్ బృందం పసిఫిక్ సముద్రానికి దారి వెతుకుతూ వచ్చినప్పుడు, క్లార్క్ ఒక షోషోనీ వృద్ధుణ్ణి వెంటబెట్టుకుని ఈ నది ఎగువ భాగాన్ని పరిశీలించి, ఈ నీటిలో పడవలు నడవవని తేల్చుకుని వెనుదిరిగాడు. పాపికొండల మధ్య గోదావరి ఇరుకైనట్టే ఇక్కడా కొండలు రెండు వైపుల నుంచీ నదిని నొక్కేస్తాయి, కాని ఇక్కడ నీరు బండరాళ్ల మీదుగా దూకుతూ సాగుతుంది. 1890ల నుంచి హ్యారీ గులెకీ వంటి సరంగులు పచ్చి చెక్కతో పొడవాటి పెట్టె పడవలు కట్టి, ముందూ వెనకా ఒక్కో పెద్ద తెడ్డుతో వాటిని మళ్లిస్తూ, గనులకూ ఇళ్లకూ సరుకులు చేరవేసేవారు. ఎగువకు తిరిగి రావడం అసాధ్యం కనుక ప్రయాణం ముగిశాక పడవను విప్పి ఆ చెక్కను అమ్మేసేవారు. లోయలో కొన్ని ఇళ్లకు ఆ చెక్కే పనికొచ్చింది. ఈ నదికి ‘తిరిగి రాని నది’ అన్న పేరు వచ్చింది కూడా ఆ ప్రయాణాల వల్లే.

స్థిరపడినవారి కథ తెల్లవారితో మొదలుపెట్టడం అన్యాయం. కొండగొర్రెలను వేటాడి జీవించిన తుకుదెకా షోషోనీలు, దిగువన నెజ్ పెర్స్ ప్రజలు ఈ లోయలో ఎన్నో తరాలుగా ఉన్నారు. ఒడ్డున ఒక రాతి గోడ మీద వారు ఎర్రమట్టితో వేసిన బొమ్మలు ఇప్పటికీ చెదరలేదు. 1861లో ఫ్లోరెన్స్‌లోనూ, మరుసటి ఏడాది వారెన్‌లోనూ బంగారం బయటపడ్డాక గని పనివారు వేలల్లో వచ్చిపడ్డారు. 1877లో నెజ్ పెర్స్‌లతో యుద్ధం జరిగింది, 1879లో సైన్యం తుకుదెకాలను వెంటాడి పట్టుకుని ఈ కొండల నుంచి తరలించింది. తరువాత వచ్చినవారికి ఒడ్డున చదును నేలలు ఖాళీగా దొరికాయంటే కారణం అదే.

అందరిలోకీ పాలీ బెమిస్ గురించే ఎక్కువగా చెప్పాలనిపిస్తుంది. ఆమె 1853లో ఉత్తర చైనాలో పుట్టింది. కరువు కాలంలో తండ్రి తనను అమ్మేశాడని ఆమే తరువాత చెప్పింది. చేతులు మారి 1872లో వారెన్‌కు చేరేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. 1870 జనాభా లెక్కల ప్రకారం ఇడాహోలో నలుగురిలో ఒకరికంటే ఎక్కువ మంది చైనీయులే, అయితే వారిలో ఆడవారు అతి తక్కువ. తరువాత ఆమె భర్త అయిన చార్లీ బెమిస్ ఆమెను పేకాటలో గెలుచుకున్నాడన్న కథను ఇప్పటికీ చాలామంది చెబుతారు గాని, దానికి ఏ ఆధారమూ లేదని పరిశోధకులు తేల్చారు. ఆ కథ ఆమె జీవితాన్ని ఒక పందెపు వస్తువు స్థాయికి దిగజారుస్తుంది కనుక, దాన్ని వినిపించేవారిని నేను ఆపి సరిదిద్దుతాను. నిజంగా జరిగినదేమిటంటే, 1890లో జూదం తగాదాలో చార్లీ ముఖానికి తుపాకి గుండు తగిలినప్పుడు ఆమే సేవ చేసి బతికించింది. 1894లో వారిద్దరూ పెళ్లి చేసుకుని నది ఒడ్డుకు మకాం మార్చారు. అమెరికన్‌ను పెళ్లాడినా ఆమెకు పౌరసత్వం రాలేదు. చైనా కూలీల మీద పెట్టిన 1892 నాటి చట్టం కింద 1896లో నివాస ధ్రువపత్రం తీసుకోవలసి వచ్చింది.

ఆమె కూరగాయలు, పండ్ల చెట్లు పెంచింది, కోళ్లను సాకింది, నదిలో చేపలు పట్టింది. అవతలి ఒడ్డున చార్లీ షెప్, పీట్ క్లింక్‌హామర్ అనే ఇద్దరు మిత్రులు ఉండేవారు. 1922లో పాలీ ఇల్లు అంటుకున్నప్పుడు మంచాన పడి ఉన్న ఆమె భర్తను బయటికి మోసుకురావడానికి షెప్ నది దాటి వచ్చాడు. ఆ అక్టోబరులోనే భర్త చనిపోగా ఆమె కొన్నాళ్లు వారెన్‌లో ఉంది. తన తదనంతరం స్థలం షెప్, క్లింక్‌హామర్‌లకే చెందేలా, అంతవరకూ తనను వారు చూసుకునేలా ఒప్పందం కుదుర్చుకున్నాక, వారిద్దరూ కట్టిచ్చిన కొత్త దుంగల ఇంటికి 1924లో తిరిగి వచ్చింది. నదికి అడ్డంగా టెలిఫోను తీగ లాగారు; ఆ రోజు కోళ్లు ఎన్ని గుడ్లు పెట్టాయో, ఎన్ని చేపలు పడ్డాయో ఆమె ఫోనులో చెప్పేది. 1933 ఆగస్టులో ఆమె జబ్బుపడి ఉండటం చూసిందీ, గుర్రం మీద ఎక్కించి కొండ దాటించిందీ ఆ పొరుగువారే. నవంబరులో గ్రాంజ్‌విల్‌లో ఆమె కన్నుమూసింది. 1987లో ఆమె అస్థికలను తెచ్చి ఇంటి పక్కనే సమాధి చేశారు. ఆ ఇల్లు చాలా చిన్నది. ఐదడుగుల ఎత్తయినా లేని మనిషికి అది సరిపోయే ఉంటుంది. గడప దాటితే సమాధి, సమాధి దాటితే నది.

మరికొందరి గురించి క్లుప్తంగా చెబుతాను. ఎగువన కాంప్‌బెల్స్ ఫెర్రీ దగ్గర రేవు నడిపిన విలియం కాంప్‌బెల్ 1903 చలికాలంలో మంచులో బయలుదేరి కనిపించకుండా పోయాడు. ఎదుటి ఒడ్డున జిమ్ మూర్ ఒక్కడే గొడ్డలి పనితో కట్టిన దుంగల కట్టడాల వరుస నేటికీ నిలిచి ఉంది. థండర్ మౌంటెన్ బంగారం కోసం వెళ్లేవారికి తన తోట పంటను అమ్మి అతడు బతికాడు. 1940లో ఆ రేవుకు వచ్చిన ఫ్రాన్సెస్ జాన్‌మిల్లర్ విజ్నర్, గ్రాంజ్‌విల్ పత్రికకు దశాబ్దాల పాటు తన ఇంటి నుంచే శీర్షిక రాసింది. 1956లో అక్కడ వంతెన రావడంలో ఆమె పట్టుదల పాత్ర పెద్దది.

ఏకాంతవాసి అనగానే అందరూ చెప్పే పేరు బక్‌స్కిన్ బిల్. అసలు పేరు సిల్వన్ హార్ట్. 1932లో తండ్రితో కలిసి ఈ నది ఒడ్డునే ఉన్న ఫైవ్ మైల్ బార్‌కు వచ్చాడు. అతడు ఓక్లహోమాలో కాలేజీ చదువు చదివినవాడు. తుపాకి గొట్టాలకు తూము తనే తొలిచేవాడు, రాగిరేకును సుత్తితో కొట్టి పాత్రలు చేసేవాడు. అక్కడి మ్యూజియంలోని ఆ పాత్రల మీద సుత్తి దెబ్బలు వరుస తప్పకుండా కనిపిస్తాయి. ప్రభుత్వంతో భూమి తగాదా వచ్చినప్పుడు తుపాకి పెట్టుకునే కంతలతో రాతి బురుజు కూడా కట్టాడు. అయినా పడవల్లో వచ్చినవారిని ఆదరించి కబుర్లు చెప్పేవాడు. అతడు 1980 వసంతంలో మరణించాడు. ఆ జులైలోనే సుమారు 23 లక్షల ఎకరాల చుట్టుపక్కల అడవిని రక్షిత ప్రాంతంగా ప్రకటించే చట్టం వచ్చింది.

ఇప్పుడు వెళ్లాలంటే జెట్ బోటులో గాని, రాఫ్ట్‌లో గాని వెళ్లవచ్చు. పాలీ ఇంటి దగ్గరా, ఫైవ్ మైల్ బార్ దగ్గరా ఆగి చూడవచ్చు. అవి ప్రైవేటు స్థలాలు కనుక అక్కడివారి మాట వినాలి. సొంతంగా రాఫ్ట్ నడిపేవారు వేసవి సీజన్ కోసం డిసెంబరు, జనవరి నెలల్లోనే అనుమతి లాటరీకి దరఖాస్తు చేసుకోవాలి. అందులో పేరు రాకపోతే లైసెన్సు ఉన్న గైడ్ కంపెనీతో వెళ్లడమే మార్గం.