ఆరు నెలల డిప్లొమాతో థెరపిస్ట్ అయిపోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ సైకాలజీ ఫైనలియర్. సైకోథెరపిస్ట్ అవుతానంటోంది. ఆరు నెలల ఆన్‌లైన్ డిప్లొమా చాలని బంధువులు చెబుతున్నారు. పైగా రోజూ అందరి బాధలూ వింటే తనేమైపోతుందోనని నా భయం. - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ డిప్లొమాకు మాత్రం డబ్బు కట్టకండి. సైకోథెరపిస్ట్ అనే పేరుకు మన దేశంలో విడిగా లైసెన్స్ లేదు కాబట్టి ఎవరైనా బోర్డు పెట్టేసుకుంటున్నారు. చట్టం గుర్తించేది క్లినికల్ సైకాలజిస్టుని. అందుకు సైకాలజీలో పీజీ, ఆపైన ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తించిన చోట రెండేళ్ల ఎంఫిల్ చేసి రిజిస్టర్ అవ్వాలి, ఇన్నాళ్లూ ఉన్న దారి ఇదే. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ అలాంటి చోటే, పేరు మీరు వినే ఉంటారు. అయితే ఎంఫిల్‌ని యూజీసీ ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 అడ్మిషన్ల దాకా గడువిచ్చింది, దాని స్థానంలో సైడీ (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) లాంటి కోర్సులు వస్తున్నాయి. అందుకే ఏ కాలేజీ అయినా, ఆ కోర్సుకి ఆ ఏడాదికి గుర్తింపు ఉందా అని ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూశాకే చేర్చండి. పీజీ దూరవిద్యలో కానిచ్చేద్దామనుకోవద్దు, 2025 నుంచి సైకాలజీకి అది కూడా ఆపేశారు.

ఇంత చదువెందుకంటారా? మన దగ్గర డిప్రెషన్ అంటూ ఎవరూ రారు. గుండె దడ, నిద్ర పట్టట్లేదు, తలంతా బరువు అంటారు. పక్కన అమ్మో బావగారో కూర్చుని పేషెంట్ బదులు వాళ్లే అంతా చెప్పేస్తుంటారు, వాళ్లని నొప్పించకుండా కాసేపు బయట కూర్చోబెట్టడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ఆ గుండె దడ థైరాయిడ్ వల్ల కావచ్చు, అప్పుడు ముందు డాక్టర్ దగ్గరికి పంపాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం తప్పు. ఇవి వీడియో పాఠాలతో వచ్చేవి కావు. సెషన్ అయ్యాక రాసుకున్న నోట్స్ సీనియర్ ముందు పెడితే, 'ఇక్కడ ఆమె ఏడుస్తుంటే నువ్వు టాపిక్ ఎందుకు మార్చావు?' అని నిలదీస్తారు చూడండి, దాన్నే సూపర్‌విజన్ అంటారు. నా దృష్టిలో అసలు చదువంతా అక్కడే ఉంది.

మీ భయానికీ జవాబు అదే. విన్న బరువంతా ఒంటరిగా మోయక్కర్లేదు, చెప్పుకోవడానికి సీనియర్ ఉంటారు. చాలామంది థెరపిస్టులు తామూ థెరపీకి వెళతారు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అమ్మాయి కాలేజీలు చూసేటప్పుడు ఫీజుకంటే ముందు, సూపర్‌విజన్ వారానికి ఎన్ని గంటలు, ఎవరిస్తారు అని అడగమనండి. నీళ్లు నమిలే చోట చేర్చకండి.