లాగిన్ అవుతోంది, గ్రూపు మాత్రం పాత పేరుతోనే వస్తోంది

ప్రశ్న: సార్, మా కాలేజీ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోసం ఓపెన్‌ఎల్‌డాప్‌ని (యూజర్ల వివరాలు అందించే డైరెక్టరీ సర్వర్) ప్రాక్సీగా, అంటే మధ్యవర్తిగా పెట్టాను, వెనకాల ఉన్నది హెడ్డాఫీసు యాక్టివ్ డైరెక్టరీ (మైక్రోసాఫ్ట్ వాళ్ల డైరెక్టరీ సర్వర్). ఆర్‌డబ్ల్యూఎం ఓవర్‌లేలో (పేర్లని తిరగరాసే అదనపు భాగం) సఫిక్స్‌మసాజ్ పెట్టి వాళ్ల డొమైన్ పేరుని మా పేరుగా మార్చాను. లాగిన్ బానే అవుతోంది, ఎంట్రీ డీఎన్ (డైరెక్టరీలో ఆ ఎంట్రీ పూర్తి చిరునామా లాంటి పేరు) కూడా మా పేరుతోనే వస్తోంది, కానీ ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో చెప్పే మెంబర్‌ఆఫ్ అట్రిబ్యూట్లో ఇంకా హెడ్డాఫీసు పేరే ఉంటోంది, దాంతో లెక్చరర్ల గ్రూపుకి పెట్టిన రూలు పనిచెయ్యట్లేదు. ఏం చెయ్యాలి?
— ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎంట్రీ డీఎన్ మారుతోందంటే మసాజ్ పనిచేస్తున్నట్టేనండీ. చిక్కంతా స్కీమాలో, అంటే ఏ అట్రిబ్యూట్లో ఎలాంటి విలువ ఉంటుందో చెప్పే నిర్వచనాల్లో ఉంది. ఎంట్రీ డీఎన్‌ని ఆర్‌డబ్ల్యూఎం ఎలాగూ మారుస్తుంది, కానీ అట్రిబ్యూట్ లోపలున్న విలువని మార్చాలంటే అది కూడా డీఎనే అని దానికి తెలియాలి కదా, ఆ సంగతి అది చూసుకునేది మీ స్లాప్‌డీ (ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ ప్రోగ్రాం) స్కీమాలోనే, అవతలి సర్వర్లో కాదు. అక్కడ మెంబర్‌ఆఫ్ లేకపోతే ఏదో అక్షరాల వరస అనుకుని ఉన్నదున్నట్టు పంపేస్తుంది. దయచేసి ఊహతో కాన్ఫిగ్ మార్చకండి, ముందు లాగ్‌లెవెల్ 256 (వచ్చే సెర్చ్‌లని లాగ్‌లో రాసే స్థాయి) పెట్టి, ఫిల్టర్‌లో, అంటే వెతికే షరతులో మెంబర్‌ఆఫ్ ఉండేలా ఒక సెర్చ్ కొట్టండి, లాగ్‌లో ఫిల్టర్ దగ్గర ఆ పేరు ముందు ప్రశ్నార్థకం కనిపిస్తే స్లాప్‌డీకి ఆ అట్రిబ్యూట్ తెలియదన్నమాట.

అప్పుడు స్కీమాలో మెంబర్‌ఆఫ్‌ని డీఎన్ సింటాక్స్‌తో (విలువ రకం) డిఫైన్ చెయ్యండి, ఓఐడీ (అట్రిబ్యూట్ గుర్తింపు సంఖ్య) 1.2.840.113556.1.2.102, సింటాక్స్ 1.3.6.1.4.1.1466.115.121.1.12. స్లాప్‌టెస్ట్ (కాన్ఫిగ్‌లో తప్పులుంటే చెప్పే కమాండ్) కొట్టి చూసుకుని రీస్టార్ట్ చెయ్యండి.

అయినా మారకపోతే మసాజ్‌లో ఏ స్థాయి పేరు ఇచ్చారో చూడండి, చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. మీరు స్టాఫ్ ఓయూని (డైరెక్టరీలో ఒక విభాగం) మాత్రమే మ్యాప్ చేసి, గ్రూపులేమో వేరే ఓయూలో ఉంటే వాటి డీఎన్‌లు ఆ సఫిక్స్ కిందకి రావు కాబట్టి వాటిని ముట్టుకోదు, డొమైన్ మొదలు దగ్గరే మ్యాప్ చెయ్యాలి, డేటాబేస్ సఫిక్స్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి.

కొందరు స్కీమా రాయకుండా మెంబర్‌ఆఫ్ మాడ్యూల్ లోడ్ చేసేస్తారు, అదీ పనిచేస్తుంది గానీ అందులో అది ఆపరేషనల్ అట్రిబ్యూట్, పేరు పెట్టి అడిగితే తప్ప రాదు. ఆ దారిలో వెళ్తే లైబ్రరీ సాఫ్ట్‌వేర్లో తెప్పించుకునే అట్రిబ్యూట్ల లిస్టులో మెంబర్‌ఆఫ్ అని తప్పకుండా చేర్చండి.