చైనా మూలికలతో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందా? అక్కడి వార్డులో నేను చూసింది

మీ నాన్నగారికి 4వ దశ ఊపిరితిత్తుల క్యాన్సర్, పరీక్షలో ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ (క్యాన్సర్ కణాల్లో ఒక జన్యు మార్పు) తేలింది, దానికి పనిచేసే ఓసిమెర్టినిబ్ మాత్ర రోజూ వేసుకుంటున్నారు అన్నారు. చైనా మూలికల కషాయంతో పూర్తిగా నయమైపోతుందని, మాత్ర ఆపేయమని తెలిసినవాళ్లు చెప్తున్నారని రాశారు. దయచేసి మాత్ర ఆపకండి. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

నేను ఎంబీబీఎస్ చైనాలో, నాన్జింగ్‌లో చదివాను. అక్కడి సంప్రదాయ వైద్యం మాకూ ఒక సబ్జెక్టు. ఆ వైద్యం చేసే ఆసుపత్రిలోనే క్యాన్సర్ వార్డులో కొంతకాలం పనిచేశాను. డాక్టరు మూడు వేళ్లతో రెండు మణికట్ల మీదా నాడి చూస్తారు, నాలుక చూస్తారు, తర్వాత పది పదిహేను మూలికలతో చీటీ రాస్తారు. కింద మందుల గదిలో గోడంతా చిన్న చిన్న చెక్క సొరుగులు. ఒక్కో మూలికనూ గ్రాముల్లెక్కన తూచి, అక్కడే కాచి, పాల ప్యాకెట్ల లాంటి సంచుల్లో సీలు చేసి రోగికి ఇస్తారు. పొడి దగ్గు ఉన్నవాళ్లకి మైదోంగ్ దుంప, ఎండబెట్టిన లిల్లీ దుంప పొరలు. నీరసానికి హువాంగ్‌చి వేరు. దాదాపు ప్రతి చీటీలోనూ మన అతిమధురం.

అయితే అదే రోగి ఫైలులో సీటీ స్కాన్, బయాప్సీ, ఈజీఎఫ్ఆర్ రిపోర్టు కూడా ఉంటాయి. కీమో అయినా, మీ నాన్నగారు వాడే లాంటి మాత్ర అయినా దాని దారిన అది నడుస్తుంది. కషాయం దానికి తోడు. నేనున్న వార్డులో మాత్ర మానేసి కషాయం తాగమని ఏ వైద్యుడూ చెప్పగా వినలేదు. మీకు మాత్ర ఆపమంటున్నవాళ్లు చైనా వైద్యం పేరు వాడుకుంటున్నారు గానీ, అక్కడి పద్ధతి అది కాదు.

ఆ వార్డులో ఒక పెద్దావిడ ఉండేవారు, రిటైరైన టీచరు. ఆమెదీ ఈజీఎఫ్ఆర్ రకమే. జబ్బు బయటపడ్డాక కొన్ని నెలలు ఇంటి దగ్గర కషాయమొక్కటే తాగారు. కషాయంతో గడ్డ కరుగుతుందా అని నేను మా ప్రొఫెసర్‌ని అడిగితే, ఆయన ఆవిడ సీటీ ఫిల్ములు వరసగా పెట్టి చూపించారు. కషాయమొక్కటే తాగిన నెలల్లో గడ్డ పెరిగింది, మాత్ర మొదలుపెట్టాక తగ్గింది. కషాయం తాగితే కాస్త అన్నం సయిస్తోందని ఆవిడ అనేవారు. ఆ మాట నేను నమ్ముతాను, ఆమె తినడం కళ్లారా చూశాను.

పరిశోధనల సంగతి. హువాంగ్‌చి కలిసిన మందుల్ని కీమోతో పాటు రోగులకి ఇచ్చి చూసిన 34 పరీక్షల్ని 2006లో ఒకచోట చేర్చి చూశారు. కొంత మేలు కనిపించింది. కానీ ఆ పరీక్షల నాణ్యత అంతంతమాత్రమని, గట్టి పరీక్షలు మళ్లీ చేయాలని రాసినవాళ్లే చెప్పారు. గమనించండి, అవి కూడా కీమో మానేసి చేసినవి కావు. అసలు చికిత్స వద్దని ప్రత్యామ్నాయ వైద్యమే ఎంచుకున్నవాళ్ల మీద అమెరికాలో యేల్ వైద్యులు 2018లో లెక్క తీశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో వాళ్లకి చావు ముప్పు రెండింతలకు పైగా ఉంది. ఇక మీ నాన్నగారి మాత్ర విషయం: పెద్ద పరీక్షలో ఓసిమెర్టినిబ్ వాడినవాళ్లలో సగం మందికి జబ్బు దాదాపు 19 నెలల పాటు ముదరకుండా ఆగింది, పాత మాత్రలతో అది 10 నెలలే. మాత్ర హఠాత్తుగా ఆపితే కొందరిలో జబ్బు ఒక్కసారిగా ఎగదన్నడం కూడా డాక్టర్లు చూశారు.

చైనా మొక్కల్లో శక్తి లేదని నేను అనను. షీషూ అనే చైనా చెట్టు నుంచే 1966లో క్యాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. చేసిన ఇద్దరిలో ఒకరు మన మహారాష్ట్రలో పుట్టిన మన్‌సుఖ్ వానీ. దాని నుంచి వచ్చిన టోపోటెకాన్‌ని ఇవాళ స్మాల్ సెల్ అనే వేరే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి వాడుతున్నారు. కానీ ఆ చెట్టు బెరడు కాచి తాగితే ఆ మందు కాదు. మోతాదు మిల్లీగ్రాముల్లో కట్టి, రక్తకణాలు పడిపోకుండా కనిపెట్టి ఇవ్వాల్సిన మందు అది.

నాకు భయం వేసేది పేరు లేని పొడుల గురించే. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన చైనా మూలికల్లో ఒకదాని బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసింది. వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి, కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. (మన గాడిదగడపాకు, ఈశ్వరి వేరు కూడా ఆ జాతే, వాటినీ ముట్టుకోకండి.) ఫుజి అనే మూలిక వసనాభి జాతి, సరిగా శుద్ధి చేయకపోతే గుండె లయ తప్పుతుంది. ఓసిమెర్టినిబ్‌ని కాలేయంలోని ఒక ఎంజైమ్ విడగొడుతుంది. కొన్ని మూలికలు దాని వేగం మార్చి మాత్ర పనిని తగ్గించగలవు.

నాన్నగారు మాత్ర మీద విసిగిపోయి ఇటు మొగ్గుతున్నారేమో కూడా కనుక్కోండి. విరేచనాలు, దద్దుర్లు, నోటి పూత, గోళ్ల పక్కన పుండ్లు, ఆకలి లేకపోవడం ఈ మాత్రతో మామూలే. అన్నిటికీ మందులున్నాయి. మరీ ఇబ్బందైతే 80 మిల్లీగ్రాముల్ని 40కి డాక్టరే తగ్గించగలరు. నొప్పి, ఆయాసం, నిద్ర, దిగులు చూసేందుకు పాలియేటివ్ కేర్ ఉంటుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. చివరి రోజుల దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే వెళ్లొచ్చు.

ఇప్పటికే కషాయం మొదలుపెట్టి ఉంటే, ఆ డబ్బా తీసుకెళ్లి మీ ఆంకాలజిస్టుకి (క్యాన్సర్ డాక్టరుకి) చూపించండి. దాచొద్దు, ఆయన కోప్పడినా సరే. కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష, లివర్ పరీక్షలు చేయించండి. ఇంకొకటి ముఖ్యం: ఓసిమెర్టినిబ్‌తో అరుదుగా ఊపిరితిత్తుల్లో వాపు వస్తుంది. 1990లలో జపాన్‌లో షోసైకోతో అనే చైనా మూలం ఉన్న మూలికల మందుతోనూ ఇలాంటి వాపే వచ్చి కొందరు చనిపోయారు. కాబట్టి నాన్నగారికి కొత్తగా ఆయాసం గానీ, పొడి దగ్గు గానీ, జ్వరం గానీ వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.