వెనకవైపు ఇంకో బొమ్మ ఉన్న గిల్రే ప్రింటు 1797 నాటిదేనా?

మీ దగ్గరున్నది 1797లో అచ్చయిన కాగితం కాదు. అలాగని నకిలీ అనుకోకండి. ఇంగ్లిష్ రాజకీయ కార్టూనిస్టు జేమ్స్ గిల్రే చెక్కిన రాగి ప్లేటు మీంచే అది వచ్చింది. కాకపోతే ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటాక అచ్చయింది. లండన్‌లో పాత వస్తువుల దుకాణంలో కొన్నానని, అమ్మినాయన ‘1797 ఒరిజినల్, చేత్తో వేసిన రంగులు’ అన్నాడని రాశారు. కాగితం దళసరిగా ఉందని, పైన కుడి మూలన ఒక అంకె ఉందని, వెనక్కి తిప్పితే రంగుల్లేని ఇంకో కార్టూన్ ఉందని కూడా చెప్పారు. తేల్చడానికి ఆ చివరి మాట ఒక్కటే చాలు.

1797లో ఈ బొమ్మలు విడి కాగితాలుగా అమ్ముడయ్యేవి. కొన్నవాళ్లు గోడకి అంటించుకునేవారు, ఆల్బమ్‌లో పెట్టుకునేవారు, దుకాణదారు కిటికీ అద్దాల వెనక వేలాడదీసేవాడు. అలాంటి కాగితానికి వెనకవైపు అచ్చు వేయాల్సిన పని ఎవరికీ లేదు. పైగా రాగి ప్లేటు అచ్చులో రెండు వైపులా ముద్రించడం కష్టం. మొదటి బొమ్మలో సిరా గీతలు కాగితం మీద సన్నగా ఉబ్బి నిలుస్తాయి. రెండోసారి రోలర్ కింద పెడితే ఆ ఉబ్బు అణిగిపోతుంది, గీతల పదును పోతుంది. పెద్ద పుస్తకంగా కుట్టేటప్పుడు కాగితం ఖర్చు తగ్గించుకోవాలనుకున్నవాళ్లే ఆ పని చేస్తారు. ఇక్కడ చేసినవాడు హెన్రీ బోన్ అనే లండన్ ప్రచురణకర్త. గిల్రే బొమ్మలు ప్రచురించి అమ్మిన హన్నా హంఫ్రీ దుకాణంలో మిగిలిపోయిన ప్లేట్లు ఆయన చేతికి వచ్చాయి. 1840ల చివర్లో, 1851 నాటికల్లా, వాటిని పెద్ద సంపుటాలుగా దళసరి కాగితం మీద, చాలావరకు రెండు వైపులా అచ్చువేశాడు. కుడి మూలన ఉన్న అంకె కూడా ఆ సంపుటం కోసం ప్లేటు మీద కొత్తగా చెక్కించిందే. ఆ పుస్తకాలు తర్వాత విడిపోయి, పేజీలు విడివిడిగా బజారుకొచ్చాయి. మీది వాటిలో ఒకటి.

కింద ‘మే 22, 1797, హెచ్. హంఫ్రీ, సెయింట్ జేమ్స్ స్ట్రీట్’ అని స్పష్టంగా ఉంది కదా అంటారు. నూటికి తొంభై మంది తడబడేది ఇక్కడే. ఆ తేదీ ప్లేటుది, కాగితానిది కాదు. 1735 నాటి చట్టం ప్రకారం (చిత్రకారుడు హోగార్త్ పట్టుబట్టి తెప్పించుకున్నది కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు) బొమ్మ మీద హక్కుదారు పేరు, ప్రచురణ తేదీ చెక్కి ఉంటేనే 14 ఏళ్ల రక్షణ దక్కేది. 1767లో దాన్ని 28 ఏళ్లకి పెంచారు. రాగిలో చెక్కినది చెరిపేదాకా ఉంటుంది, కాబట్టి 1797లో తీసినా 1850లో తీసినా ప్రతి కాగితం మీదా అదే తేదీ పడుతుంది. అయితే ఆ వరసలో ఉన్న చిరునామా మాత్రం పనికొస్తుంది. హంఫ్రీ 1797 నుంచి సెయింట్ జేమ్స్ స్ట్రీట్ 27వ నంబరులో ఉంది, గిల్రే కూడా ఆ ఇంట్లోనే ఉండేవాడు. 1790ల మొదట్లో వచ్చిన బొమ్మల మీద బాండ్ స్ట్రీట్ చిరునామాలు కనిపిస్తాయి.

ప్లేటు ఎలా తయారయ్యేదో తెలిస్తే తొలి అచ్చుకీ మలి అచ్చుకీ తేడా కంటికి దొరుకుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. నున్నగా మెరుగుపెట్టిన రాగి రేకుని వేడిచేసి, మైనం, గుగ్గిలం, ఒక రకం తారు కలిపిన ముద్దని పల్చగా పూస్తారు. కొవ్వొత్తి పొగ పట్టిస్తే అది నల్లబడుతుంది, సూదితో గీసిన చోట రాగి ఎర్రగా మెరుస్తూ కనిపిస్తుంది. అంచుల చుట్టూ మైనంతో గట్టు కట్టి, నీళ్లు కలిపిన నైట్రిక్ ఆసిడ్ పోస్తారు. ఆసిడ్ రాగిని తినేచోట బుడగలు లేస్తాయి. వాటిని ఈకతో తుడుస్తూ ఉండాలి, లేకపోతే బుడగ కూర్చున్నచోట గీత తెగిపోతుంది. సన్నగా ఉండాల్సిన గీతలు తయారవగానే ఆసిడ్ తీసేసి, వాటి మీద వార్నిష్ పూసి మూసేసి, మళ్లీ ఆసిడ్ పోస్తారు. ఇలా రెండు మూడు సార్లు చేస్తేనే దూరంగా ఉన్నవి సన్నగా, ముందున్నవి లావుగా పడతాయి. పూత వేడికి మాడితే పెళుసెక్కి రాలిపోతుంది, అక్కడ అక్కర్లేని చుక్కలు పడతాయి. ఆసిడ్ ఘాటు ఎక్కువైతే దగ్గరదగ్గరి గీతలు కలిసిపోయి మచ్చ అవుతుంది. వార్తకి వేడి తగ్గకముందే బొమ్మ కిటికీలో ఉండాలి కాబట్టి ఈ పనంతా హడావిడిగానే సాగేది. అంత తొందరలోనూ గిల్రే గీత ఎంత శుభ్రంగా ఉంటుందో చూడండి. ఆ కాలంలో ఆ చెయ్యి ఇంకెవరికీ లేదని నా నమ్మకం.

అచ్చు వేసేటప్పుడు ప్లేటుని కాస్త వెచ్చబెట్టి, కాచిన అవిసె నూనెలో కలిపిన నల్ల సిరాని గీతల్లోకి దట్టించి, పైనున్నది గుడ్డతో, ఆపైన అరచేత్తో తుడుస్తారు. తడిపిన కాగితం పరిచి, ఉన్ని దుప్పట్లు కప్పి, రోలర్ల మధ్య లాగుతారు. అందుకే బొమ్మ చుట్టూ ప్లేటు అంచు నొక్కుకున్న గాడి ఏర్పడుతుంది. తుడిచిన ప్రతిసారీ రాగి కొంచెం అరుగుతుంది. ముందు పోయేది గుగ్గిలం పొడితో తెచ్చిన మసక నీడలు, ఆ తర్వాత సన్నగీతలు. ముఖాల మీది చుక్కలు, దూరపు నీడలు వెలిసినట్టుండి, లావు గీతలు మాత్రం నల్లగా నిలిస్తే అది అరిగిన ప్లేటు మీంచి తీసిన మలి అచ్చు.

రంగుల విషయం వేరు. యంత్రంతో వేసిన రంగు కాదు, నిజమే. దుకాణం తరఫున రంగులద్దేవాళ్లు ఒక నమూనా చూసి, నీటిరంగులు వరసగా నింపుకుంటూ పోయేవారు. అందుకే ఒకే బొమ్మ రెండు కాపీల్లో కోటు ఒకదాంట్లో నీలం, ఇంకోదాంట్లో ఆకుపచ్చ ఉండొచ్చు, అది తప్పు కాదు. రంగు వేసినదానికి ధర ఎక్కువ, వేయనిదానికి తక్కువ. కానీ బోన్ సంపుటాల్లో బొమ్మలు నలుపు తెలుపులోనే వచ్చాయి. మీ కాగితానికి ఒకవైపే రంగుందంటే, పేజీ విడదీశాక అమ్మకం కోసం ఎవరో అద్దిన రంగు అది. పదిరెట్ల భూతద్దం పెట్టి మడతల దగ్గర, చిరుగుల దగ్గర, గోధుమ మచ్చల దగ్గర చూడండి. పాత రంగయితే మడత దగ్గర కాగితంతోపాటే పగులుతుంది. తర్వాత వేసినదైతే పగులులోకి కారి చిక్కబడుతుంది, మచ్చ మీద కూర్చుంటుంది.

ఇంకోసారి కొనేటప్పుడు కాగితం వెనక దీపం పెట్టి చూడండి. ‘జె వాట్‌మన్’ అన్న కాగితం తయారీదారు పేరు వాటర్‌మార్క్‌గా, పక్కన సంవత్సరం కనిపించవచ్చు. ఎగుమతి కాగితం మీద పన్ను వెనక్కి రావాలంటే తయారైన సంవత్సరం కాగితంలో ఉండాలని 1794లో చట్టం వచ్చింది, ఆ తర్వాత ఇంగ్లిష్ కాగితాల్లో ఏడాది వేయడం మామూలైంది. ఏడాది కనిపించినంత మాత్రాన అదే ఏడు అచ్చయిందని కాదు, అంతకు ముందు మాత్రం కాలేదు. 1797 తేదీ ఉన్న బొమ్మకి 1813 వాటర్‌మార్క్ ఉంటే హంఫ్రీ దుకాణంలోనే తర్వాత తీసిన కాపీ కావచ్చు. అంచు గాడి లేకపోతే కంగారుపడకండి, ఆల్బమ్‌లో పట్టడానికి గాడి లోపలికే కత్తిరించేసినవి చాలా ఉన్నాయి. భూతద్దంలో గీతలకి బదులు వరసైన చుక్కలు కనిపిస్తే మాత్రం అది ఫొటో ముద్రణ, దానికి డబ్బు పెట్టొద్దు. అక్షరాలు జర్మన్‌లో ఉండి బొమ్మ చిన్నదిగా ఉంటే అది వేరే చేత్తో చేసిన నకలు. 1798 నుంచి వైమర్‌లో వచ్చిన పత్రిక ఒకటి గిల్రే బొమ్మల్ని అలా తిరగగీయించి వేసేది. పోల్చుకోవడానికి బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో బొమ్మలు ఉచితంగా ఉన్నాయి. వాళ్ల వివరణల్లో 1771 నుంచి 1832 దాకా ఉన్నవి డొరతీ జార్జ్ రాసినవి, అంత నిక్కచ్చిగా రాసినవి ఇంకెక్కడా లేవు.

బొమ్మలో ముసలమ్మ ఎవరని అడిగారు. ఆమె బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్. బంగారం పెట్టె మీద కూర్చుంది, ఒంటి మీద బట్టంతా కాగితం నోట్లే. సన్నగా, పొడుగు ముక్కుతో మీద పడుతున్నది ప్రధాని పిట్, ఒక చెయ్యి ఆమె జేబులో ఉంది చూడండి. ఆ ఏడు ఫిబ్రవరిలో ఫ్రెంచి సైనికులు వేల్స్‌లో దిగారన్న భయంతో జనం బ్యాంకు మీద పడ్డారు, 26న ప్రభుత్వం నోట్లకి బంగారం ఇవ్వొద్దని ఆదేశించింది. కొద్దిరోజుల్లోనే ఒకటి, రెండు పౌండ్ల నోట్లు వచ్చాయి. నోట్లకి బంగారం ఇవ్వడం 1821 దాకా పూర్తిగా తిరిగి మొదలవలేదు. బ్యాంకు ఉన్న వీధి పేరుతో ‘థ్రెడ్‌నీడిల్ స్ట్రీట్ ముసలమ్మ’ అని దానికి ఇప్పటికీ ఉన్న పేరు ఈ బొమ్మతోనే స్థిరపడింది. పిట్‌ని ఇంత కఠినంగా గీసిన గిల్రేకి అదే ఏడు ప్రభుత్వం నుంచి ఏటా 200 పౌండ్ల పింఛను మొదలైంది. ఆయన తర్వాతి బొమ్మలు చూసేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

కాగితాన్ని ఇంట్లో నీళ్లతో కడగొద్దు, రంగు కారిపోతుంది. సెల్లోటేపు, ల్యామినేషన్ దగ్గరికే రానివ్వొద్దు. గోధుమ పిండి జిగురుతో, పల్చటి జపాన్ కాగితం ముక్కలతో పై అంచు మాత్రమే పట్టించి, ఆసిడ్ లేని మౌంటు అట్ట మధ్య పెట్టించండి. బొమ్మ అద్దానికి తగలకూడదు. మీది రెండు వైపులా ఉంది కాబట్టి వెనక అట్ట విప్పి చూసుకునేలా ఫ్రేము కట్టమని చెప్పండి. విశాఖ తీసుకెళ్తానన్నారు కాబట్టి ఇంకోమాట. అక్కడి తేమకి బూజు, వెండిపురుగులు తొందరగా పడతాయి. బయటి గోడకి వేలాడదీయకుండా లోపలి గోడకే పెట్టండి, ఎండ నేరుగా పడనివ్వకండి, వానాకాలంలో రెండు నెలలకోసారి దింపి వెనకవైపు చూస్తుండండి.