బ్రెకెన్‌రిడ్జ్‌లో ఉద్యోగమా? ముందు ఇల్లు, తర్వాతే మంచు

"ఆఫర్ వచ్చింది, ఊరు చూస్తే స్కీ రిసార్టు. మాకా స్కీయింగ్ రాదు, పిల్లాడు చిన్నవాడు. అక్కడ ఉండగలమా?" అమెరికాలో కొలరాడో కొండల్లో ఉన్న బ్రెకెన్‌రిడ్జ్‌కు వచ్చే మనవాళ్లు ఇంచుమించు అందరూ అడిగేది ఇదే. స్కీయింగ్ రాకపోతే ఏ ఇబ్బందీ లేదు. ఇల్లు దొరక్కపోతేనే ఇబ్బంది.

బ్రెకెన్‌రిడ్జ్‌లో ఇళ్లకేం కొదవ లేదు. కానీ వాటిలో చాలా వరకు సెలవులకొచ్చే డబ్బున్నవాళ్లవి, కాకపోతే టూరిస్టులకు రోజు లెక్కన అద్దెకిచ్చేవి. ఏడాది లీజుకు దొరికేవి తక్కువ. అందుకే జీతం సంగతి తేలాక హెచ్ఆర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న, కంపెనీ తరఫున ఇల్లుందా అని. లేదంటే 'డీడ్ రెస్ట్రిక్టెడ్' ఇళ్లు ఉన్నాయేమో వాకబు చేయండి. స్థానికంగా పనిచేసేవాళ్ల కోసమే కట్టుబాటు పెట్టిన ఇళ్లవి. సాధారణంగా ఈ ఊరున్న సమ్మిట్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) సగటున వారానికి 30 గంటలు పనిచేస్తుండాలన్నది షరతు. మీకు ఉద్యోగం ఎలాగూ ఉంది కాబట్టి ఆ షరతు మీకు కలిసొచ్చేదే. ఊళ్లో కుదరకపోతే చుట్టుపక్కల ఊళ్లు ఫ్రిస్కో, డిల్లన్, సిల్వర్‌థార్న్ చూడండి. కౌంటీ నడిపే సమ్మిట్ స్టేజ్ బస్సుకు టికెట్ లేదు, ఊరి ఫ్రీ రైడ్ బస్సుకూ లేదు. అద్దె తక్కువని హూజియర్ పాస్ అనే కనుమ అవతల ఆల్మా, ఫెయిర్‌ప్లే దాకా వెళ్లేవాళ్లున్నారు. ఆ కనుమ ఎత్తు 11,500 అడుగుల పైమాటే. జనవరిలో తెల్లారకముందే రోజూ దాన్ని దాటాలంటే మీ గుండె ఎంత గట్టిదో ముందే చూసుకోండి.

ఎత్తు సంగతి మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. డెన్వర్ 5,280 అడుగులు, బ్రెకెన్‌రిడ్జ్ 9,600. ఇక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్న దాంట్లో 70 శాతం మాత్రమే. వచ్చిన కొత్తలో తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే. డెన్వర్‌లో ఒకటి రెండు రాత్రులు ఆగి పైకి రండి, నీళ్లు బాగా తాగండి, మొదటి వారం మద్యం జోలికి పోకండి. పడుకున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు ముదురుతుంటే ఓర్చుకోవడం మొండితనమే అవుతుంది. ఫ్రిస్కోలో ఆసుపత్రి ఉంది, వెంటనే వెళ్లండి. ఎత్తు వల్ల వచ్చే ఇలాంటి జబ్బుకు అసలు మందు ఆక్సిజన్, కిందికి దిగిపోవడం. ఇండియా నుంచి అమ్మానాన్నల్ని పిలిపించే ఆలోచన ఉంటే, గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లను ముందే డాక్టరుకు చూపించి అప్పుడు టికెట్లు కొనండి. పురిటికి అమ్మ వస్తుందనుకునే అమ్మాయిలకు ఇంకో మాట: ఇక్కడ పుట్టిన పిల్లల్ని కొన్నాళ్లపాటు ఆక్సిజన్ గొట్టంతో ఇంటికి పంపడం కొత్తేమీ కాదు, చూసి హడలిపోకండి.

వంటింట్లోనూ ఎత్తు తగులుతుంది. నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో కందిపప్పు పెడితే గంట గడిచినా పలుకు పలుకుగానే ఉంటుంది. సామాన్లలో కుక్కర్ మాత్రం మరచిపోవద్దు. దాంట్లో కూడా మూడు విజిల్స్ చాలేచోట నాలుగైదు రానివ్వాలి. ఇడ్లీ పిండి పులవాలంటే ఓవెన్‌లో లైటు మాత్రం వేసి లోపల పెట్టండి.

కారు టైర్ల విషయంలో పీనాసితనం పనికిరాదు. డెన్వర్ వెళ్లే ఐ-70 హైవే మీద డాట్సెరో నుంచి మోరిసన్ దాకా సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ చట్టం, అంటే మంచులో టైర్ల పట్టు కోసం పెట్టిన నిబంధన, అమల్లో ఉంటుంది. టైరు గాడి లోతు కనీసం అంగుళంలో పదహారింట మూడు వంతులుండాలి. ఫోర్ వీల్ డ్రైవ్ కాకపోతే మంచు టైర్లో మడ్ అండ్ స్నో టైర్లో ఉండాలి, లేదంటే చెయిన్లు వెంట ఉంచుకోవాలి. గుడికీ మన కిరాణా సరుకులకూ డెన్వర్ వైపు దిగాల్సిందే. శీతాకాలంలో ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆ ప్రయాణం పెట్టుకోకండి. వారాంతానికి వచ్చిన జనమంతా ఆ పూటే ఐ-70 మీదున్న ఐజన్‌హోవర్ సొరంగం గుండా ఇళ్లకు తిరిగెళ్తారు.

ఇక మనుషులు. ఇక్కడ పరిచయంలో "ఏం చేస్తుంటారు?" కంటే "ఎన్ని సీజన్లయింది?" అన్న ప్రశ్నే ముందు వస్తుంది. స్కీ లిఫ్టుల దగ్గర నిలబడే కుర్రాళ్లు చాలామంది ఒక్క శీతాకాలానికి వచ్చి పోయేవాళ్లు, కొన్నాళ్ల పనికి వీలిచ్చే జె-1 వీసా మీద దక్షిణ అమెరికా నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు. అందుకే పాతకాపులు కొత్తవాళ్లతో వెంటనే కలిసిపోరు. అది పొగరు కాదు, ఎంతమందికని వీడ్కోలు చెబుతారు పాపం! మీరు ఉండటానికే వచ్చారని వాళ్లకు తెలియాలంటే పనిలో చేయి వేయండి. జనవరిలో మంచు శిల్పాల పోటీ జరుగుతుంది. దానికి ముందు చెక్క అచ్చుల్లో మంచు నింపి, వాలంటీర్లు అందులోకి దిగి బూట్లతో తొక్కి గట్టిపరుస్తారు. అలా తయారయ్యేవి పన్నెండడుగుల దిమ్మెలు. శిల్పులు యంత్రాలు ముట్టకుండా వాటిని చేతి పనిముట్లతోనే చెక్కుతారు. మంచు తొక్కడానికి స్కీయింగ్ రానక్కర్లేదు కదా. పక్కనున్నాయనతో గంట సేపు తొక్కితే పేర్లు వాటంతటవే తెలుస్తాయి.

డిసెంబరులో ఉల్లర్ ఫెస్ట్ వస్తుంది. ఉల్లర్ నార్స్ (పాతకాలపు స్కాండినేవియా) పురాణాల్లో స్కీయింగ్‌తో ముడిపడిన దేవుడు, ఇక్కడివాళ్లకు మంచు దేవుడు. మనం వానల కోసం కప్పతల్లి ఆడినట్టే వీళ్లు మంచు కురవాలని కొమ్ముల టోపీలు పెట్టుకుని ఊరేగుతారు, పాత స్కీలు మంటలో వేస్తారు. పిల్లాణ్ణి భుజాన ఎక్కించుకుని వెళ్లండి.

స్కీయింగ్ నేర్చుకోవాలనిపిస్తే నేర్చుకోండి, కానీ రోజు టికెట్ కొనొద్దు. రద్దీ రోజుల్లో అది 200 డాలర్లు దాటిపోతుంది. సీజన్ పాస్ వసంతంలో చవక, డిసెంబరు మొదట్లో అమ్మకం ఆపేస్తారు. కొందరికి పాస్ కంపెనీయే ఇస్తుంది, అడిగి చూడండి. ఇంకోటి, మొగుడి దగ్గర పెళ్లాం, పెళ్లాం దగ్గర మొగుడు నేర్చుకోకూడదు. టీచరుకు డబ్బిచ్చి నేర్చుకుంటే కాపురానికి మంచిది.

చేరే తేదీ మీ చేతిలో ఉంటే ఆగస్టులో బడి తెరిచే వేళకు వచ్చేయండి. నవంబరులో వస్తే సీజన్ పనివాళ్లతో అద్దె ఇళ్ల కోసం పోటీ పడాలి, టైర్ల షాపులోనూ క్యూలో నిలబడాలి.