అభిమానిగానే రాయి

అమ్మాయ్,

నువ్వు పంపిన వ్యాసాలు అన్నీ చదివాను. వాటి కింద నువ్వు రాసిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. “నేను ఫలానా హీరోకి పిచ్చి ఫ్యాన్‌ని సార్, నాలాంటిది రాస్తే ఎవరైనా నమ్ముతారా?” అని కదా అడిగావు. నమ్ముతారు. ఆ హీరో ఎవరో నేనిక్కడ రాయను. రాశానంటే ఈ ఉత్తరం ఎవరి చేతికైనా చిక్కినప్పుడు సగం మంది ఇక్కడే ఆపేస్తారు, మిగతా సగం నన్ను తమ సంఘంలో కలిపేసుకుంటారు. ఈ వయసులో నాకు రెండూ వద్దు.

ఫ్యాన్‌వి కాబట్టి పనికిరావని నీతో అన్నదెవరో గానీ, తిరగేసి చెప్పారు. మీ హీరో సినిమాలు నువ్వు అన్నీ చూశావు, చూసినవే మళ్ళీ చూశావు, టీవీలో వస్తే యాడ్స్‌తో సహా చూశావు. ఏ సినిమా నుంచి ఆయన డైలాగ్ విడిచే తీరు మారిందో, ఏ పాటలో స్టెప్పు ఆయనే వేశాడో, ఏ పాటలో కట్ మీద కట్ కొట్టి ఎడిటర్ వేయించాడో నీకు తెలుసు. నీ మొదటి వ్యాసంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: “ఈ సినిమాలో ఆయన ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వినడం లేదు, తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. ఇదివరకు అలా ఉండేది కాదు.” ఈ ముక్క పొద్దున ఒక సినిమా, మధ్యాహ్నం ఒక సినిమా చూసి సాయంత్రానికి కాపీ ఇవ్వాల్సిన రివ్యూయర్‌కి తట్టదు. పదేళ్ళుగా ఒకే ముఖాన్ని చూస్తున్నవాళ్ళకే తడుతుంది.

మరి ఆ వెంటనే ఏం చేశావు? “ఓవరాల్‌గా ఫస్టాఫ్ డీసెంట్, సెకండాఫ్‌లో కొంచెం ల్యాగ్, బీజీఎం నెక్స్ట్ లెవెల్, రెండూముప్పావు” అని మూట కట్టేశావు. నా బాధంతా ఇదే. చూడటం ఫ్యాన్‌లా చూస్తావు, రాసేసరికి ఇంకెవరిలాగో రాస్తావు. ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, సాంకేతిక వర్గం, చివర్న స్టార్లు అనే ఆ గళ్ళన్నీ శుక్రవారం ఏ టికెట్ కొనాలో తేల్చుకోవలసిన వాడి కోసం పుట్టాయి. అది చిన్న పనేం కాదు. కానీ ఆ పని చేసేవాళ్ళు ఊళ్ళో కావలసినంత మంది ఉన్నారు, నువ్వు లేకపోయినా జరిగిపోతుంది.

శుక్రవారం పొద్దున ప్రసాద్స్ మల్టీప్లెక్స్ దగ్గర ఎప్పుడైనా నిలబడ్డావా? ఆట వదలగానే బయట యూట్యూబ్ ఛానళ్ళ లోగోలున్న మైకులు వరసకట్టి ఉంటాయి. సినిమా ఇంకా కళ్ళల్లోంచి దిగని మనిషి నోటి ముందు మైకు పెట్టి “ఎలా ఉందన్నా?” అంటే పాపం వాడేం చెబుతాడు? “బొమ్మ దద్దరిల్లిందన్నా” అనో, “ఒకసారి చూడొచ్చు” అనో అంటాడు. వాణ్ణి నేను తప్పుపట్టను. నువ్వు మాత్రం ఆ మైకు తప్పించుకుని ఖైరతాబాద్‌లో మెట్రో ఎక్కు. కూకట్‌పల్లి దాకా ఫోన్ బ్యాగులోనే ఉండనీ. ఎవరేమన్నారో చూడకు. ఎర్రగడ్డ వచ్చేలోపు ఏ సీను నీ అంతట నీకే మళ్ళీ గుర్తొస్తుందో అక్కడ మొదలుపెట్టు. అది హీరో ఎంట్రీ కాకపోవచ్చు. వెనకాల నిలబడి టీ పోస్తున్న మనిషి కావచ్చు.

‘బలగం’ మీద నువ్వు రాసింది చదివి నాకు కోపం వచ్చింది, దాచను. “తెలంగాణ నేటివిటీని అద్భుతంగా ఆవిష్కరించారు” అట! సిరిసిల్ల పక్క పిల్లవి నువ్వు. ఆ మాట చిక్కడపల్లిలో కూర్చున్న నాలాంటి వాడు రాసుకోవాలి గానీ, నీకేం ఖర్మ? 2023లో ఆ సినిమాని ఊళ్ళల్లో తెరలు కట్టుకుని జనం కలిసి కూర్చుని చూశారు. వాళ్ళు నేటివిటీ చూడటానికి రాలేదు గదా.

ఆ సినిమాలో గొడవంతా దేని మీద? నల్లిబొక్క మీద, అంటే మాంసం కూరలో మూలుగున్న ఎముక మీద. విందులో అల్లుడికి నల్లిబొక్క పడలేదని మాటామాటా పెరిగి, ఏళ్ళ తరబడి రాకపోకలు తెగిపోయాయి. దర్శకుడు వేణు యెల్దండి ముందు దాన్ని చూపించి మనల్ని నవ్విస్తాడు. బొక్క కోసం ఇంత రాద్ధాంతమా అని మనమూ నవ్వుతాం. తర్వాత తాత కొమురయ్య పోతాడు, ఆయన పేరున పెట్టిన ముద్దని కాకి ముట్టదు, రోజులు గడిచేకొద్దీ ఆ బొక్క సంగతి మళ్ళీ పైకొస్తుంది, అప్పుడు ఎవరికీ నవ్వు రాదు. ఆ ఇంట్లో అల్లుడి పీట ఎక్కడుందో ఆ రోజు వడ్డనలో తేలిపోయిందని అర్థమవుతుంది. దర్శకుడు ఆ మలుపు ఎక్కడ తిప్పాడో, ఏ సీన్ నుంచి మనం నవ్వడం మానేశామో వెతికి రాస్తే అది వ్యాసం. ఇంకో సంగతి నాకు రాయడం చేతకాదు, నీకు చేతనవుతుంది. మీ ఇంట్లో దావత్ అయితే నల్లిబొక్క ఎవరి ప్లేట్లో పడుతుంది? గరిటె ఎవరి చేతిలో ఉంటుంది? ఆ గరిటె పట్టినామె చివర్న కూర్చున్నప్పుడు గిన్నెలో ఏం మిగులుతుంది? సినిమా నీకు ఇచ్చిన ప్రశ్న ఇది. దీన్ని వదిలేసి సంగీతం బాగుంది, ఎడిటింగ్ ఇంకాస్త బిగించాల్సింది అంటూ కూర్చున్నావు.

ఇక నటుడు శివాజీ సంగతి. నీ వ్యాసాలన్నిట్లోకీ అసలు సరుకు ఇక్కడ ఉంది, నువ్వేమో “శివాజీ గారి గ్రాండ్ కమ్‌బ్యాక్” అని ఒక్క లైనులో దాటేశావు. 2024 జనవరిలో ఈటీవీ విన్ ఓటీటీలో ‘నైంటీస్: ఎ మిడిల్‌క్లాస్ బయోపిక్’ సిరీస్ వచ్చింది. 6 ఎపిసోడ్లు. అందులో ఆయన లెక్కల మాస్టారు, ఇంట్లో చండశాసనుడు. ఆయనుంటే ఇంట్లో అందరూ సర్దుకుని కూర్చుంటారు, పిల్లలు మార్కులు చెప్పడానికి గుటకలు మింగుతారు. మనం పడీపడీ నవ్వుకున్నాం, మా నాన్నా ఇంతే అని ఫోన్లు చేసుకున్నాం. 2025 మార్చిలో ‘కోర్ట్’ సినిమా వచ్చింది. అందులో మంగపతి కూడా ఆయనే. అదే గొంతు, అదే చూపు. ఇంట్లో ఆడవాళ్ళ మీద, పద్దెనిమిది నిండని జాబిల్లి మీద, ఆ పిల్ల ఇష్టపడ్డ కుర్రాడి మీద ఆ చూపు పడితే థియేటర్లో మనకి చెమటలు పట్టాయి. పరువు పేరు చెప్పి ఆ కుర్రాడి మీద పోక్సో కేసు, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద కేసు, పెట్టించేదాకా పోతాడు.

ఏడాది తిరిగిందో లేదో, ఒక నటుడు ఒకే రకం పెద్దరికాన్ని ఒకచోట ముద్దొచ్చేలా, ఇంకోచోట భయమేసేలా చేశాడు. ఎలా చేశాడు? నాకు తోచింది చెబుతాను, నువ్వు కాదనొచ్చు. నైంటీస్ కథంతా జ్ఞాపకం లాగా నడుస్తుంది. జ్ఞాపకంలో ఏ నాన్న కోపమైనా మెత్తబడుతుంది, దెబ్బ మానిపోయి ఉంటుంది కాబట్టి. కోర్ట్‌లో ఏదీ మానలేదు, స్టేషన్‌లో కాగితం మీద ఇవాళ్టి తారీఖు పడుతోంది. ఆ కథని 2013లో విశాఖలో పెట్టడం కూడా ఊరికే కాదు. పోక్సో చట్టం వచ్చింది 2012లో. పద్దెనిమిది నిండని వాళ్ళ ఇష్టానికి ఆ చట్టంలో లెక్కలేదు, పోలీసులకీ జనానికీ అది కొత్త. మంగపతి లాంటివాడి చేతికి అది అందితే ఏమవుతుందన్నదే కథ. నాకొక లోటు కూడా కనిపించింది. లాయర్ల వాదన మనచేత ఈలలు వేయించింది గానీ, జాబిల్లి గొంతు ఇంకొంచెం వినాలనిపించింది.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. కోర్ట్ చూశాక మళ్ళీ వెనక్కెళ్ళి నైంటీస్ చూస్తే, అక్కడ నవ్వినచోటల్లా నవ్వగలమా? నేను కొన్నిచోట్ల నవ్వలేకపోయాను. అలాగని నైంటీస్ నాకు ఇష్టం పోలేదు. రెండూ కలిసి ఉన్నాయి. ఇది రాయడానికి మనిషి రెండూ చూసి ఉండాలి, శివాజీని ఇష్టపడి ఉండాలి. నీకు రెండూ ఉన్నాయి.

నటుడు ప్రియదర్శి విషయంలో కూడా ఇలాంటి దారి ఒకటి ఉంది. బలగంలో సాయిలు, ‘35 - చిన్న కథ కాదు’లో పిల్లాణ్ణి జీరో అని పిలిచే మాస్టారు, కోర్ట్‌లో లాయర్. అటు వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. 35ని మాత్రం “క్లీన్ ఫ్యామిలీ ఎంటర్‌టైనర్” అనకు. విలువ లేని సున్నా ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుందని ఒక పసివాడు మొండికేసిన కథ అది.

సిరీస్‌ల దగ్గర నువ్వు చేస్తున్న పని నాకు అస్సలు నచ్చలేదు. ‘దూత’ని ఒకటిన్నర స్పీడులో చూశానని నువ్వే రాశావు. 8 ఎపిసోడ్ల పొడుగునా దర్శకుడు విక్రమ్ కుమార్ వాన కురిపించి ఒక గుబులు కట్టాడు. నీకు ఆ వాన కూడా ఒకటిన్నర స్పీడులో కురిసింది. తర్వాత “మూడ్ సరిగా సెట్ కాలేదు” అన్నావు! విసుగొస్తే ఆపెయ్, ఎక్కడ ఆపావో రాయి. రాత్రి ఎన్నో ఎపిసోడ్ దగ్గర నిద్రొచ్చింది, ఎన్నోదాని దగ్గర పొద్దున కాలేజీ ఉందని తెలిసీ ఇంకోటి నొక్కావు, ఆ రెంటికీ తేడా ఏమిటి? సిరీస్ రాసేవాడి పనితనమంతా ఎపిసోడ్ ఆగేచోట ఉంటుంది, చూసేవాడి వేలు అక్కడే నిర్ణయం తీసుకుంటుంది. హిందీ సిరీస్ ‘పంచాయత్’ని తెలుగు చేసిన ‘శివరపల్లి’ని “పంచాయత్ అంత లేదు” అని కొట్టిపారేశావు. లేదు సరే. ఉత్తరాది ఊరు తెలంగాణ ఊరిగా మారేటప్పుడు ఏ మర్యాదలు మారాయి, ఏవి మారకుండా అతుకు తెలిసిపోతోంది? సర్పంచ్ ఇంటి ముందు మనిషి ఎలా నిలబడతాడో మీ ఊళ్ళో చూసినదానివి నువ్వు.

కలెక్షన్ల జోలికి పోకు. నీ వ్యాసాల్లో మూడు పేరాలు అవే. పోస్టర్ మీద వేసేది గ్రాస్, అంటే తెగిన టికెట్ల మొత్తం. పన్నులు, థియేటర్ అద్దె పోగా డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది షేర్. ఒకరు గ్రాస్ చెబుతారు, ఇంకొకరు షేర్ చెబుతారు, రెండు వర్గాల ఫ్యాన్సూ జుట్లు పట్టుకుంటారు. నైజాం, అంటే తెలంగాణ ఏరియా, హక్కులు కొన్న బయ్యర్ నష్టం లేకుండా బయటపడ్డాడా లేదా అన్నది ఆయన చూసుకుంటాడు.

మీ హీరో సినిమా మొదటిరోజు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకి వెళ్ళొద్దని నేననను. సుదర్శన్‌లోనో దేవిలోనో చూడు, కాగితాలు ఎగరెయ్, గొంతు పోయేలా కేకలెయ్. ఆ గోలలో మొదటి అరగంట డైలాగులు ఎవరికీ వినపడవు, వినపడక్కర్లేదు కూడా. అది పండగ. ఆ రాత్రి రాయకు. మంగళవారం మ్యాట్నీకి మీ కూకట్‌పల్లి మల్లికార్జునలో సగం ఖాళీ హాల్లో మళ్ళీ చూడు. ఎలాగూ రెండోసారి చూసేదానివే కదా, మామూలు రివ్యూయర్‌కి ఆ తీరికా లేదు, ఆ మోజూ లేదు. శుక్రవారం నువ్వు లేచి నిలబడ్డ చోట మంగళవారం ఏం జరిగిందో చూసుకో. మళ్ళీ ఒళ్ళు జలదరించిందా, లేక పాప్‌కార్న్ కోసం లేచావా? రెండూ రాయి. మీ హీరో తేలిపోయినచోట తేలిపోయాడని రాయి. ప్రేమగా రాసినా సరే, బాధపడుతూ రాసినా సరే, వెటకారం మాత్రం వద్దు. అది అవతలి సంఘం వాళ్ళు ఉచితంగా చేసిపెడతారు.

అలా రాసిన రోజు తిట్లు పడతాయి. మీ సంఘం వాళ్ళే ముందు తిడతారు. ఆడపిల్లవి కాబట్టి నాకు పడేవాటికంటే నికృష్టమైనవి నీకు పడతాయి, ఆ విషయం తియ్యగా చెప్పలేను. సీను గురించి వాదించేవాళ్ళకి జవాబియ్యి, నీ గురించి మాట్లాడేవాళ్ళని బ్లాక్ చెయ్. కొన్నాళ్ళకి ప్రీమియర్ పాసులు వస్తాయి, పక్కనే సెల్ఫీ అడిగే, సినిమా ప్రచారం చూసుకునే పీఆర్ కుర్రాడూ వస్తాడు. మంచివాళ్ళే. టికెట్ మాత్రం నీ డబ్బుతోనే కొనుక్కో. హాస్టల్ ఖర్చుల్లో కష్టమే అనుకో, అయినా నెలకి ఒకటి తగ్గించి చూసినా నష్టం లేదు.

వచ్చే ఆదివారం పొద్దున నేను చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలోనే ఉంటాను. శివాజీ మీద వ్యాసం మళ్ళీ రాసి తీసుకురా. నైంటీస్ మొదటి ఎపిసోడ్ ఇంకోసారి చూసి మరీ రాయి. ప్రింట్ తీయించి తెచ్చుకో, ఫోన్లో చదవడం నా కళ్ళవల్ల కాదు. మార్జిన్ కాస్త ఎక్కువ వదులు, నేను నా మాటలు రాసి ఇవ్వడానికి.

ఉంటాను,
మీ సార్