కార్డింగ్ మూత స్విచ్చు గురించి

చిన్నా,

రాజాం వైపు జూట్ మిల్లులో మెయింటెనెన్స్‌లో చేరావని మీ అమ్మ చెప్పింది. నార దువ్వే కార్డింగ్ మెషీన్ల మూతలకి సేఫ్టీ లాకులు పెట్టే పని నీకే అప్పగించారట. ఫోన్లో చెబితే సగమే వింటావని ఈ ఉత్తరం.

నా ఎడమచేతి చూపుడువేలికి కొస లేదు కదా. చిన్నప్పుడు నువ్వు అడిగితే ఎలక కొరికిందనేవాణ్ణి. కొరికింది కార్డింగ్ సిలిండర్, ఒళ్ళంతా మేకులున్న డ్రమ్ము. నైట్ షిఫ్టులో గోగునార చుట్టుకుంటే స్విచ్చాఫ్ చేసి, మూత తీసి చెయ్యి పెట్టాను. మోటారు ఆగింది గానీ సిలిండర్ ఆగలేదు. అంత బరువు కదా, చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. మిల్లు హోరులో దాని చప్పుడు తెలియలేదు. ట్యూబులైటు వెలుగులో తిరుగుతున్న మేకులు నిలబడ్డట్టే కనబడ్డాయి.

అందుకే, మూత తీయగానే మోటారుని ఆపే స్విచ్చు ఒక్కటే కార్డింగ్‌కి చాలదు. సిలిండర్ పూర్తిగా ఆగేదాకా మూతని తెరవనివ్వని లాకు కావాలి. అందులోనూ కరెంటు అందితేనే వదిలేది తెప్పించు. రెండో రకం కరెంటు పోగానే వదిలేస్తుంది, లోపల సిలిండర్ మాత్రం తిరుగుతుంటుంది. మన వైపు కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా! సిలిండర్ ఆగిందని లాకుకి తెలియడానికి షాఫ్టు దగ్గర స్పీడ్ సెన్సర్ పెట్టించు. టైమర్ చాలంటే, ఆగడానికి ఎంతసేపు పడుతుందో వాచీ పట్టుకుని నువ్వే చూసి, ఇంకొంత కలిపి పెట్టు.

వెంటనే ఆగిపోయే చిన్న మెషీన్లకి మామూలు లిమిట్ స్విచ్చు, అదే పిన్ను నొక్కుకుంటే పనిచేసేది, సరిపోతుంది. కానీ మూత మూస్తే పిన్ను నొక్కుకునేలా బిగించావంటే, ఎవడో దాని మీద టేపు అంటించి మూత లేకుండానే నడిపేస్తాడు. నేనూ అంటించాను, దాచడమెందుకు. మూత తీస్తేనే పిన్ను నొక్కుకోవాలి, ఆ నొక్కుడుకే కాంటాక్టు విడిపోవాలి. అలా బిగిస్తే లోపల స్ప్రింగు విరిగినా మెషీన్ ఆగుతుంది. మళ్ళీ మూత మూయగానే మెషీన్ దానంతటదే తిరగకూడదు, స్టార్ట్ బటన్ నొక్కితేనే తిరగాలి.

మూతకి బిగించిన నాలుక దూరితేనే మెషీన్ నడిచే రకం స్విచ్చయితే స్పేర్ నాలుక ఎవరి చేతికీ దొరకనివ్వకు. మా మిల్లులో ఒకటి దారం కట్టి మెషీన్‌కే వేలాడేది! అలా చేసినవాళ్ళని తిట్టి లాభం లేదు, వాళ్ళకి ప్రొడక్షన్ టెన్షన్. షిఫ్టుకి పదిసార్లు మూత తీయాల్సి వస్తోందంటే ముందు నార చూడు, నూనె నీళ్ళు సరిగా పట్టాయో లేదో.

ఖర్చెందుకేటి అని పైవాళ్ళు అంటే, తిరిగే భాగాలు కదులుతున్నంతసేపూ వాటి కంచె, అంటే మూతలాంటి అడ్డు, స్థానంలోనే ఉండాలని పాత 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లో అప్పట్లోనే రాశారని చెప్పు.

ఎంత మంచి లాకు పెట్టినా, రిపేరుకి చెయ్యి లోపల పెట్టేముందు మెయిన్ ఆపి దానికి నీ సొంత తాళంకప్ప వెయ్యి. టీకి వెళ్ళినా తాళంచెవి నీ జేబులోనే ఉండాలి. సిరిమానుకి వస్తావు కదా, మంచి తాళంకప్ప కొని ఉంచుతాను. రెండు చెవులొస్తాయి. రెండోది నా దగ్గరే ఉంటుంది.

మీ పెదనాన్న